ఎనిమిది కిలోల సీసం నుంచి మూడు కిలోలకు: ఒక చిత్తూరు డైవర్‌కి హార్నెస్, వింగ్ ఎంచిన కేసు

ఈ కేసులోని డైవర్ చిత్తూరులో బ్యాంకు ఉద్యోగి. వయసు 41, ఎత్తు 153 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. అండమాన్‌లో స్కూబా డైవింగ్ మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశారు. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా పుదుచ్చేరి. అన్నీ కలిపినా పాతిక డైవ్‌లకు మించవు. కొన్నేళ్ల కింద ఎడమ భుజం పట్టేసింది. ఫిజియోథెరపీతో చాలావరకు తగ్గింది గానీ, ఆ చెయ్యి వీపు వెనక్కి ఇంకా పూర్తిగా పోదు. భుజం సంగతి ముందే రాయడానికి కారణం ఉంది. మేము వేసిన లెక్కలన్నీ ఒక దారిన పోతుంటే, చివర్లో రెండు మార్పులు చేయించింది అదే.

తిరుపతిలో స్కూబా నేర్పుతానంటే ఇక్కడివాళ్లు ముందు అడిగేది సముద్రం యాడుందని. 2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాకు తీరం వచ్చిన మాట నిజమే. కానీ పులికాట్ లోతు లేని ఉప్పునీటి సరస్సు, శ్రీహరికోట రాకెట్లది. అందుకని కొలనులో నేర్పి, డైవ్‌లకు పుదుచ్చేరి తీసుకెళ్లడం నా పద్ధతి. ఈమె కూడా ఆ దారిలోనే పరిచయం.

ఆమె వచ్చింది ఒకే ప్రశ్నతో. "సొంత బీసీడీ కొనుక్కోవాలనుకుంటాండా సార్. ఈ మూడింట్లో ఏది మేలు?" ఫోన్‌లో మూడు కొటేషన్లు చూపించారు. ఒకటి మీడియం సైజు జాకెట్. రెండోది గాలి సంచి వీపు వెనక మాత్రమే ఉండే బ్యాక్ ఇన్‌ఫ్లేట్ బీసీడీ. మూడోది స్టీల్ బ్యాక్‌ప్లేట్, హార్నెస్, 20 కిలోల లిఫ్ట్ (నీళ్లలో ఎత్తగల బరువు) ఉన్న వింగ్, మూడూ కలిపి ఒక సెట్. ఈ మూడోది పంపినాయన కింద ఒక మాట కూడా చేర్చాడు: లిఫ్ట్ ఎంత ఎక్కువుంటే అంత భద్రం, రేపు రెండు ట్యాంకులు కట్టుకున్నా పనికొస్తుంది అని.

డైవింగ్ తెలియని వాళ్లకు ఒక్క ముక్క. బీసీడీ పని రెండే. ట్యాంకును ఒంటికి కట్టి ఉంచడం ఒకటి, అవసరమైనంత గాలి నింపుకుని మనిషిని మునగకుండా తేలకుండా నీళ్లలో నిలపడం రెండోది. జాకెట్‌లో ఈ రెండూ ఒకే చొక్కాగా కుట్టేసి ఉంటాయి. బ్యాక్‌ప్లేట్ పద్ధతిలో విడివిడిగా ఉంటాయి: వీపుకు ఒక లోహపు ప్లేటు, దానికి 5 సెంటీమీటర్ల వెడల్పు నైలాన్ పట్టీతో హార్నెస్, ప్లేటుకూ ట్యాంకుకూ మధ్య వింగ్ అనే గాలి సంచి. ఫ్లోరిడా గుహల్లో డైవ్ చేసేవాళ్ల దగ్గర ఇది రాటుదేలింది. ఒకే పొడుగు పట్టీతో కట్టే హార్నెస్‌ని ఇప్పటికీ హోగార్థియన్ అంటారు, అక్కడి గుహ డైవర్ విలియం హోగార్థ్ మెయిన్ పేరు మీద.

ఏది మేలో చెప్పే ముందు, ఇప్పుడున్న దాంతో ఇబ్బందేమిటని అడిగాను. జాబితా పెద్దదే. అద్దె జాకెట్ నీటి పైన గాలి నింపగానే చెవుల దాకా ఎక్కేస్తుంది. ఛాతీ బిగుసుకుని ఊపిరి ఆడనట్టుంటుంది. కాళ్లు ఎప్పుడూ కిందికే, వెనక వచ్చేవాళ్లకు ఇసుక లేస్తుంది. గ్రూపులో గాలి ముందు అయిపోయేది ఆమెకే. అన్నిటికన్నా బాధ పెట్టింది సేఫ్టీ స్టాప్: డైవ్ ముగించి పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి కదా, అక్కడ నిలవలేక పైకి తేలిపోవడం, కాలికి తొడిగిన ఫిన్ (ఈత రెక్క) పట్టుకుని గైడ్ కిందికి లాగడం.

"బరువు ఎంత పెట్టుకుంటున్నారు?"

"ఎనిమిది కిలోలు."

ఇక్కడే కొటేషన్లు పక్కన పెట్టించాను. 58 కిలోల మనిషి, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న రబ్బరు సూటు, అల్యూమినియం ట్యాంకు. వీటితో మునగడానికి ఎనిమిది కిలోల సీసం పడుతుందంటే నాకు నమ్మకం కుదరలేదు. సీసం ఎంతో తేలకుండా గాలి సంచి సైజు తేల్చడం కుదరదు. సంచి ఎత్తాల్సింది ఆ సీసాన్నే.

తూకం

తిరుపతిలో ఒక ఈతకొలనులో మధ్యాహ్నం పూట ఒక లేను ఇస్తారు. ట్యాంకు తగిలి టైల్స్ పగులుతాయని వాళ్ల భయం, అందుకని అంచున రబ్బరు మ్యాట్ పరిస్తేగానీ ఒప్పుకోరు.

మొదట మనిషి ఒక్కరే, ఈత దుస్తుల్లో, మాస్కుతో. మామూలు శ్వాస తీసుకుని కదలకుండా నిలబడితే నీళ్లు నుదుటి దగ్గర ఆగాయి. చేతిలో అర కిలో సీసం పెడితే, ఊపిరి వదలగానే మెల్లగా మునిగారు. అంటే మంచినీటిలో ఒంటి తేలిక అర కిలో.

తర్వాత సూటు. తడిపి, పిండి, లోపలి బుడగలన్నీ పోయేలా మళ్లీ ముంచి, ఎర్రగడ్డల వల సంచిలో వేసి, మునిగేదాకా సీసం చేర్చుకుంటూ పోయాం. సీసం నీళ్లలో తన బరువులో సుమారు 9 శాతం కోల్పోతుంది, ఆ మేరకు తగ్గిస్తే సూటు తేలిక 1.6 కిలోలు వచ్చింది. ఇదే పని అద్దె జాకెట్‌తోనూ చేశాం. గాలి మొత్తం తీసేసినా, మెత్తలు నీళ్లు పీల్చుకున్నాక కూడా, అది మునగడానికి ఒక కిలో పట్టింది. ఈ కిలో సంగతి చాలామందికి తెలియదు. మునగడానికి కట్టుకునే సీసంలో ఒక భాగం కేవలం జాకెట్ మెత్తల్ని ముంచడానికే ఖర్చవుతుంది.

ట్యాంకు సంగతి మా దగ్గర ముందే తెలిసిందే. మన దేశంలో డైవ్ షాపులు ఎక్కువగా ఇచ్చేది 11.1 లీటర్ల అల్యూమినియం 80. 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) నిండుగా ఉన్నప్పుడు ముప్పావు కిలో మేర కిందికి లాగుతుంది, పూర్తిగా ఖాళీ అయితే రెండు కిలోల దాకా పైకి లాగుతుంది. లోపలి గాలికీ బరువుంది, 150 బార్ పీల్చేశామంటే రెండు కిలోలు పీల్చేశామని. డైవ్ ముగిసే 50 బార్ దగ్గర ఈ ట్యాంకు సుమారు 1.2 కిలోల మేర తేలుతుంది. సీసం లెక్క ఎప్పుడూ ఈ చివరి దశకే వేయాలి, ఎందుకంటే డైవర్ అత్యంత తేలికగా ఉండేది అప్పుడే, సేఫ్టీ స్టాప్ చేయాల్సిందీ అప్పుడే.

ఇక ఉప్పునీరు. సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువు. ఒళ్లూ సూటూ కలిపి అరవై లీటర్ల నీటిని తోస్తాయనుకుంటే కిలోన్నర అదనపు తేలిక. కొలనులో సరిపోయిన సీసం పుదుచ్చేరిలో సరిపోదు.

బ్యాంకు మనిషి కదా, ఆమె దీన్ని జమాఖర్చు పట్టీ చేసేశారు. పైకి లాగేవి జమ: ఒళ్లు 0.5, సూటు 1.6, ఉప్పునీరు 1.5, ట్యాంకు 1.2, జాకెట్ 1.0. మొత్తం 5.8. కిందికి లాగేది ఖర్చు: ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్, గేజీ కలిపి 1.0. మిగులు 4.8. దాన్ని సరిచేయడానికి సీసం ఐదుంపావు కిలోలు. పట్టీ రెండుసార్లు కూడి, పెన్ను కింద పెట్టి, "అట్లయితే మిగిలిన రెండుముప్పావు ఏంది సార్ నేను మోస్తా ఉండేది?" అన్నారు.

అది భయానికి కట్టిన సీసం. కొత్త డైవర్ నీళ్లలో దిగేటప్పుడు కంగారుగా ఊపిరితిత్తుల నిండా గాలి పట్టి ఉంచుతారు. రెండు లీటర్ల గాలి ఎక్కువ పట్టారంటే రెండు కిలోలు తేలినట్టే. పడవలో మిగతావాళ్లు ఎదురుచూస్తుంటారు, గైడ్‌కు తొందర. ఇంకో రెండు బిళ్లలు బెల్టుకి ఎక్కిస్తాడు, మనిషి మునుగుతుంది, పని జరిగిపోతుంది. లాగ్‌బుక్కులో "8 కిలోలు" అని రాసుకుంటారు. తర్వాతి చోట ఎంత కావాలని అడిగితే చెప్పేది అదే అంకె. దురుద్దేశం ఎవరిదీ కాదు, కానీ ఆ అంకె డైవర్‌ను ఏళ్ల తరబడి వదలదు.

ఆమె ఫిర్యాదుల్లో ముప్పాతిక భాగం ఈ రెండుముప్పావు కిలోల దగ్గరే తేలాయి. నీళ్లలో దాని బరువు రెండున్నర కిలోలు. దాన్ని మోయడానికి జాకెట్‌లో రెండున్నర లీటర్ల గాలి అదనంగా ఉండాలి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి 2 బార్. అక్కడి నుంచి 5 మీటర్లకు వస్తే 1.5 బార్. రెండున్నర లీటర్లు కాస్తా 3.3 లీటర్లు అవుతుంది. వదలకపోతే 0.8 కిలోల ఎత్తుడు. సరిగ్గా సేఫ్టీ స్టాప్ దగ్గర ఎవరో కింద నుంచి తోసినట్టు పైకి పోవడానికి కారణం అది. తేలికై కాదు, బరువెక్కువై తేలిపోయారు. ఈ మాట నేను ఎంత చెప్పినా సగం మంది నమ్మరు. బరువు తక్కువైందని ఇంకో కిలో ఎక్కించుకుంటారు, స్టాప్ ఇంకా చెడుతుంది.

కాళ్లు కిందికి వాలడం కూడా ఇక్కడిదే. బరువంతా నడుము బెల్టులో, గాలంతా పక్కటెముకల చుట్టూ. ఛాతీ లేస్తుంది, తుంటి దిగుతుంది, ఒళ్లు నలభై అయిదు డిగ్రీల ఏటవాలుకు వస్తుంది. ఆ భంగిమలో ఫిన్ కొడితే ముందుకే కాదు, పైకి కూడా పోతారు. పైకి పోతున్నామని గాలి వదులుతారు. వదిలాక, ఫిన్ ఆగితే మునుగుతారు. అందుకని ఫిన్ ఆపరు. గాలి ముందు అయిపోవడంలో వింత లేదు. కొలనులో ఆమెను పాత లెక్కన బరువెక్కించి, ఒక చోట నిలకడగా తేలుతున్నాననిపించాక ఫిన్లు ఆపమన్నాను. నిదానంగా అడుక్కి దిగిపోయారు. ఈ పరీక్షకు ఖర్చు లేదు, ఏ డైవర్ అయినా చేసుకోవచ్చు.

మూడింట్లో ఏది

నిజం చెప్పాలంటే, సీసం సరిచేసి, మీడియం బదులు ఎక్స్‌ట్రా స్మాల్ జాకెట్ ఇచ్చినా ఆమె డైవింగ్ బాగుపడేది. జాకెట్ చెడ్డదని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. ఏడాదికి ఒకసారి అండమాన్ పోయి నాలుగు డైవ్‌లు చేసి వచ్చేవాళ్లకు ఒంటికి సరిపోయే అద్దె జాకెట్ చాలు, కొనక్కర్లేదు కూడా.

ఆమె కోరిక వేరు. పుదుచ్చేరికి తరచూ పోవాలి, ముందు ముందు లక్షద్వీప్, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి చూడాలి. విమానంలో దేశీయ ప్రయాణానికి సాధారణంగా 15 కిలోల సామానే ఇస్తారు. ఛాతీ దగ్గర బిగుతు ఆమె అసలు సహించలేని విషయం. గాలి నిండితే లోపలికి నొక్కడం జాకెట్ స్వభావం, సైజు మార్చినా కొంత ఉంటుంది. వింగ్‌లో గాలి వీపు వెనకే ఉంటుంది, పొట్ట మీద గానీ ఛాతీ మీద గానీ పట్టీ తప్ప ఏమీ ఉండదు. బ్యాక్ ఇన్‌ఫ్లేట్ బీసీడీకి కూడా ఈ గుణం ఉంది, కానీ దాని మెత్తలు జాకెట్ లాగే తేలుతాయి, కొలతలు కంపెనీ పెట్టినవే. 153 సెంటీమీటర్ల మనిషికి రెడీమేడ్ కొలతలతోనే అసలు చిక్కు. అందుకని బ్యాక్‌ప్లేట్ వైపే మొగ్గాం. అయితే ఆ కొటేషన్‌లోని సెట్ మాత్రం కాదు.

ముందు ప్లేటు. మామూలు ప్లేటు పొడవు 38 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒక అట్టపెట్టె చింపి, ఆ కొలతకు ఒక ముక్క, 33 సెంటీమీటర్లకు ఇంకో ముక్క కత్తిరించి, ఆమె వీపుకు టేపుతో అంటించి వంగమన్నాను. పెద్దది వంగినప్పుడల్లా తుంటి ఎముకను పొడిచింది. చిన్నది భుజం రెక్కల మధ్య నుంచి నడుము వంపు దాకా సరిగ్గా కూర్చుంది. డబ్బు పెట్టి ప్లేటు తెప్పించుకుని వాపసు పంపలేక బాధపడే బదులు అట్టముక్క చాలా మేలు. పొట్టి ప్లేట్లు కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. వింగ్‌ని బిగించే రెండు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలు, అంటే సుమారు 28 సెంటీమీటర్లు ఉండాలి. ఒక కంపెనీ ప్లేటుకు ఇంకో కంపెనీ వింగ్ పడుతుందంటే అంతా ఈ కొలత చలవే. పొట్టిదైనా అది మారకూడదు.

స్టీలా, అల్యూమినియమా? చల్లటి నీళ్లలో, మందపాటి సూటుతో డైవ్ చేసేవాళ్లు స్టీల్ అంటారు, వాళ్లకది సబబే. ప్లేటే సీసం పని చేస్తుంది, బెల్టు తేలికవుతుంది. మన దగ్గర నీళ్లు 27, 28 డిగ్రీలు. ఆమె జమాఖర్చు పట్టీలో జాకెట్ కిలో కొట్టేస్తే మిగులు 3.8. పొట్టి స్టీల్ ప్లేటు, బకిల్, రింగులు కలిపి నీళ్లలో 2.3 కిలోలు లాగుతాయి. పుదుచ్చేరిలో కిలోన్నర సీసం మిగులుతుంది, బాగానే ఉంది. కానీ అండమాన్‌లో పొట్టి చేతుల పల్చటి సూటు వేసుకుంటే సూటు తేలిక అర కిలోకు పడిపోతుంది, సీసం అర కిలో కూడా పట్టదు. అప్పుడు అత్యవసరంలో వదిలేయడానికి ఏమీ ఉండదు. ప్లేటును వదిలేయలేం కదా. ట్రిమ్ (నీళ్లలో ఒళ్లు అడ్డంగా నిలిచే తీరు) కుదరకపోతే అటూ ఇటూ జరపడానికీ ఏమీ ఉండదు. అల్యూమినియం ప్లేటు సామానుతో కలిపి నీళ్లలో 0.9 కిలోలు లాగుతుంది. మిగిలే సీసం పుదుచ్చేరిలో మూడు కిలోల చిల్లర, అండమాన్‌లో రెండు. జరపొచ్చు, వదలొచ్చు. సీసం బిళ్లలు ప్రతి డైవ్ షాపులోనూ ఉంటాయి, ఇంటి నుంచి స్టీలు మోసుకుపోవడం ఎందుకు. అల్యూమినియమే ఖాయం చేశాం.

వింగ్ దగ్గర "ఎంత పెద్దదైతే అంత భద్రం" అన్న మాటను లెక్కతో చూశాం. లోతులో మొదట: ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, ఖర్చు కావాల్సిన గాలి బరువు 2 కిలోలు. 18 మీటర్ల దగ్గర సూటు నలిగిపోయి కోల్పోయే తేలిక సుమారు ఒక కిలో. మొత్తం 3. తర్వాత, నీటి పైన కిట్ విప్పి వదిలేస్తే అది ఒక్కటే తేలాలి: నిండు ట్యాంకు, రెగ్యులేటర్, ప్లేటు, దానికి తగిలించిన కిలో సీసం కలిపి మూడున్నర. చివరిగా, దూకగానే నిండు ట్యాంకుతో తల నీటి పైన ఉండాలి: తల బరువు 4, 5 కిలోలు, గాలి బరువు 2. అన్నిట్లోకీ ఇదే ఎక్కువ, ఏడు. 11 కిలోల వింగ్‌తో బోలెడు మిగులు ఉంటుంది.

మరి 20 కిలోలదైతే నష్టమేమిటి? పెద్ద సంచిలో కొంచెం గాలి ఉంటే అది ఒక ట్యాంకు చుట్టూ రెండు పక్కలా మడతపడి పైకి లేస్తుంది. ఆ మడతల్లో గాలి ఇరుక్కుని, వదలాలన్నప్పుడు వాల్వ్ దాకా రాదు. నీళ్లను అడ్డుకుని ఈత బరువవుతుంది. సంచిలోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఉప్పు పట్టి ఇరుక్కుంటే, పెద్ద సంచి ఎత్తే బరువు కూడా పెద్దదే. రెండు ట్యాంకుల వాడకం వచ్చినప్పుడు ఆ వింగ్ అప్పుడు కొనుక్కోవచ్చు. ప్లేటు, హార్నెస్ అవే ఉంటాయి. కట్టుకోని ట్యాంకు కోసం ఇవాళ సంచి కొనడం నాకు నచ్చదు. చివరకు తీసుకున్నది 11 కిలోల లిఫ్ట్ ఉన్న గుండ్రటి వింగ్, కింది భాగంలో కూడా గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగే రకం.

భుజం

హోగార్థియన్ హార్నెస్ అంటే భుజాల మీదుగా నడుము దాకా ఒకే పట్టీ, ఒకే బకిల్, కాళ్ల మధ్య నుంచి వచ్చే క్రాచ్ స్ట్రాప్. ప్లాస్టిక్ క్లిప్పులు లేవు, విరిగేదేమీ లేదు. నాకు ఇష్టమైన పద్ధతి. కానీ దాన్ని విప్పాలంటే ఒక మోచెయ్యి పట్టీ కిందికి జారిపోయేలా భుజం వెనక్కి వంచాలి. ఆమె నేల మీదే ఎడమ చెయ్యి తీయలేక ఇరుక్కున్నారు. పుదుచ్చేరిలో మేము వెళ్లేవి చిన్న ఫైబర్ పడవలు. అలల్లో ఊగుతూ నీళ్లలోనే కిట్ విప్పి పైకి అందివ్వాలి.

ఎడమ భుజం పట్టీకి చటుక్కున విడిపోయే క్విక్ రిలీజ్ బకిల్ ఒక్కటి పెట్టాం. సంప్రదాయవాదులు ఒప్పుకోరు, తెగే చోటు ఒకటి కొత్తగా తెచ్చారంటారు. బకిల్ విరిగినా కుడి పట్టీ, నడుము పట్టీ, క్రాచ్ స్ట్రాప్ కిట్‌ను ఒంటి మీదే ఉంచుతాయి. చెయ్యి రాక పడవ పక్కన గిలగిల్లాడటం కన్నా అది చిన్న ప్రమాదం. కుడి వైపు మాత్రం ఏ బకిలూ లేకుండా వదిలేశాం.

ఇంకో చిక్కు కొలనులో బయటపడింది. వింగ్ కింది డంప్ వాల్వ్ (తాడు లాగితే గాలి వదిలేది) ఎడమ వైపు, తుంటి వెనక ఉంటుంది. అడ్డంగా ఈదుతున్నప్పుడు గాలి వదలడానికి అదే సులువైన దారి. ఆమె చెయ్యి అక్కడికి చేరదు. ఇన్‌ఫ్లేటర్ పైకెత్తి వదలొచ్చు, కానీ ప్రతిసారీ నిలువుగా లేవాలి, అంటే పాత ఏటవాలు భంగిమకు మళ్లీ దారి. వాల్వ్ తాడుకు ఇంకాస్త తాడు చేర్చి, చివర చిన్న బంతి కట్టి, నడుము పట్టీ పక్కనే తుంటి ముందు వరకు తెచ్చాం. పట్టీకి తొడిగిన సైకిల్ ట్యూబు ముక్క దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది, లాగితే జారి చేతికి వస్తుంది. ఈ తాడును పట్టీ మీది డీ రింగుకు (సామాను తగిలించే లోహపు రింగు) ముడివేయకూడదు. వంగినప్పుడు దానంతటదే లాగబడి వాల్వ్ తెరుచుకుంటే, గాలి పోతున్న సంగతి డైవర్‌కు తెలియదు.

మిగతా అమరిక మామూలే. భుజం పట్టీ కింద మూడు వేళ్లు దూరాలి. బిగిస్తే ప్లేటు మెడ దాకా వస్తుంది, తల ఎత్తితే ఫస్ట్ స్టేజ్‌కు (ట్యాంకుకు బిగించే రెగ్యులేటర్ భాగం) తగులుతుంది. నడుము పట్టీ సూటు మీద కొంచెం గట్టిగానే ఉండాలి, లోతులో సూటు పల్చబడితే అదీ వదులవుతుంది. క్రాచ్ స్ట్రాప్ పని వింగ్‌ను పైకి జరగకుండా ఆపడం, మనిషిని వేలాడదీయడం కాదు. మిగిలిన పట్టీ కోసి అంచును కొవ్వొత్తితో కాల్చాం, కానీ అరచెయ్యి పొడవు ఎక్కువే ఉంచాం. కోసిన పట్టీ అతకదు. ట్యాంకు బెల్టుకు తగిలించే రెండు చిన్న సీసం సంచులు ఆర్టీసీ బస్టాండు దగ్గర స్కూలు బ్యాగులు బాగుచేసే ఆయన కుట్టిపెట్టాడు. హార్నెస్ పట్టీ మీద మాత్రం ఎవరి కుట్టూ పడనివ్వలేదు. సూది గుచ్చిన చోట పట్టీ బలం తగ్గుతుంది.

పుదుచ్చేరిలో

రాయవేలూరు, అరుణాచలం మీదుగా తెల్లవారుజామున చేరాం. జమాఖర్చు పట్టీ లెక్క 2.9 కిలోలని చెప్పింది, సీసంగా మూడుంపావు లోపు. మొదటి డైవ్‌కు మూడున్నరతో దించాను, కొత్త కిట్‌తో స్టాప్ దగ్గర తేలిపోతే మనిషి ధైర్యం పోతుందని. బెల్టులో రెండున్నర, పైవైపు ట్యాంకు బెల్టు సంచుల్లో అర కిలో చొప్పున రెండు.

దూకగానే ముఖం ముందుకు వాలుతోందని చెయ్యి ఊపారు. వింగ్ మనిషిని బోర్లా పడేస్తుందని అందరూ భయపెట్టేది దీని గురించే. వింగ్ నిండా గాలి కొట్టి నిటారుగా నిలబడాలనుకుంటే నిజంగానే తోస్తుంది. సగం వదిలేసి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి ఒరగమన్నాను. నిలిచారు.

దిగడం మాత్రం ఆలస్యమైంది. ఎనిమిది కిలోలతో రాయిలా మునగడం అలవాటైన ఒళ్లు, మూడున్నరతో ఊపిరి పూర్తిగా వదిలితేగానీ దిగదు. రెండుసార్లు పైకి తేలాక, మూడోసారి ఊపిరి మొత్తం వదిలి దిగారు. 50 బార్ మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర వింగ్ పూర్తిగా ఖాళీ చేయించి, ఫిన్లు ఆపి, చేతులు కట్టుకోమన్నాను. కొంచెంగా దిగుతున్నారు. తర్వాతి డైవ్‌లో అర కిలో తీసేశాం. ఊపిరి పీలిస్తే పిడికెడు పైకి, వదిలితే పిడికెడు కిందికి. మూడు కిలోలు ఖాయం.

కాళ్లు ఇంకా కాస్త బరువుగానే ఉన్నాయి. బెల్టులోని ఇంకో అర కిలో పై సంచుల్లోకి మార్చి, ట్యాంకును రెండు వేళ్ల మేర తల వైపు జరిపాక ఒళ్లు అడ్డం తిరిగింది. ఆమె ఫిన్లు నీళ్లలో మునిగే బరువైన రబ్బరువి. తేలిక ఫిన్లు మారిస్తే సంచుల అవసరమే తగ్గేదేమో, కానీ అప్పటికే చాలా కొన్నారు, ఇక కొనిపించే మనసు రాలేదు.

గాలి ఖర్చు తగ్గింది, అయినా గ్రూపులో ముందు అయిపోయేది ఇంకా ఆమెకే. చేతులతో నీళ్లు తోసే అలవాటు పోలేదు. అది ఏ హార్నెస్‌తోనూ పోదు. చేతులు రెండూ ముందు కలిపి పట్టుకుని ఈదే సాధన ఇచ్చాను.

ప్రతి డైవ్ తర్వాత వింగ్‌లోకి మంచినీరు పోసి, ఊపి, కింది వాల్వ్ నుంచి వదిలేయాలి. లోపల ఆరిన ఉప్పు స్ఫటికాలు సంచిని లోపలి నుంచే కోస్తాయి. ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుంటే గొట్టం ఊడదీయడం ఎడమ చేత్తో, కళ్లు మూసుకుని చేయగలగాలి. ఈ పని ఆమెకు భుజం నొప్పి లేకుండానే వస్తుంది, గొట్టం ఛాతీ ముందే ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు ఆమె విదేశీ ప్రయాణం ఒకటి అనుకుంటున్నారు, అక్కడ 12 లీటర్ల స్టీల్ ట్యాంకులు ఇస్తారట. "అదే మూడు కిలోలు పెట్టుకోవచ్చా సార్?" అని అడిగారు. పెట్టుకోకూడదు. ఈ రకం స్టీల్ ట్యాంకులు చాలావరకు ఖాళీ అయ్యాక కూడా తేలవు, కిందికే లాగుతాయి. జమాఖర్చు పట్టీలో ట్యాంకు పద్దు జమ నుంచి ఖర్చు వైపుకు మారుతుంది, సీసం ఒక కిలో దగ్గరికి పడిపోతుంది. 232 బార్ నింపితే లోపలి గాలి బరువే మూడు కిలోలు దాటుతుంది, డైవ్ మొదట్లో వింగ్‌లో ఇంకాస్త గాలి పడుతుంది. 11 కిలోల వింగ్ దానికీ సరిపోతుంది. కాళ్ల బరువు ఎటు మారుతుందో మాత్రం కాగితం మీద చెప్పలేం. అక్కడ మొదటి డైవ్ చివర, 50 బార్‌తో, 5 మీటర్ల దగ్గర చూసుకోమన్నాను.